స్కూల్ సైకాలజిస్ట్ ఉద్యోగం: చప్పట్లు ఉండవు, మరి ఏముంటుంది?

పోయిన వారం ఇన్‌స్టాలో ఒక మెసేజ్ వచ్చింది. డిగ్రీ ఫైనల్ ఇయర్ చదువుతున్న ఒక చెల్లి పంపింది. "అన్నా, నాకు స్కూల్ సైకాలజిస్ట్ అవ్వాలని ఉంది. ఇంట్లో చెప్తే పిచ్చోళ్ళ డాక్టర్ అవుతావా, రేపు సంబంధాలు ఎలా వస్తాయి అంటున్నారు. అసలు ఈ ఫీల్డ్ మంచిదేనా? సాఫ్ట్‌వేర్ కోర్స్ ఏదైనా నేర్చుకోమంటారా?" అని.

రెండు నిమిషాల్లో ఆన్సర్ ఇచ్చేయొచ్చు అనుకున్నా. తర్వాత ఆగాను. ఎందుకంటే నేను బీటెక్ వాడిని, నాలుగేళ్ళు కోడ్ రాసి ఇప్పుడు వీడియోలు చేస్తున్నా. సైకాలజీ గురించి నాకు తెలిసింది తక్కువ. కానీ మా పెద్దమ్మ కూతురు హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ స్కూల్లో కౌన్సెలర్. ఎనిమిదేళ్ళ నుంచి ఇదే పని. రెండు ఆదివారాలు వాళ్ళింటికెళ్ళి కూర్చున్నా. అక్క నాకు ఏ పిల్లాడి పేరూ చెప్పలేదు, ఏ క్లాసో కూడా మార్చి చెప్పింది. అదే ఈ ఉద్యోగంలో మొదటి పాఠం అని నాకు తర్వాత అర్థమైంది.

దానికంటే ముందు, ఈ టాపిక్ నాకు ఎందుకు ముఖ్యమో చెప్తా.

ఇంటర్‌లో నా రూమ్మేట్

నేను ఇంటర్ విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివా. మీలో చాలామందికి ఆ లైఫ్ తెలుసు. పొద్దున్నే బెల్లు, స్టడీ అవర్, వీకెండ్ టెస్ట్, సోమవారం మార్కుల లిస్టు. మార్కుల్ని బట్టి సెక్షన్లు. నా రూమ్మేట్ టెన్త్‌లో వాళ్ళ ఊరి స్కూల్‌కి ఫస్ట్. ఇక్కడ మూడు టెస్టుల్లో మార్కులు తగ్గేసరికి కింద సెక్షన్‌కి దింపేశారు. లిస్టు నోటీస్ బోర్డులో పెట్టారు, అందరం చూశాం.

ఆ తర్వాత వాడు మెల్లగా మెస్‌కి రావడం మానేశాడు. ముందు రాత్రి భోజనం, తర్వాత టిఫిన్. మాట తగ్గింది. స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచే ఉండేది, పేజీ తిరిగేది కాదు. వార్డెన్‌కి చెప్తే "యాక్టింగ్ రా అది, ఇంటికి పోవడానికి" అన్నాడు. మాకు పదహారేళ్ళు. ఇంకెవరికి చెప్పాలో మాకు తెలీదు. నాలుగు నెలల తర్వాత వాళ్ళ నాన్న వచ్చి పెట్టె సర్దుకుని తీసుకెళ్ళిపోయాడు. రెండేళ్ళు చదువు ఆగిపోయింది వాడికి.

ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. కానీ ఆ కాలేజీలో కొన్ని వందల మందిమి ఉన్నాం. ఫిజిక్స్‌కి లెక్చరర్ ఉన్నాడు, మ్యాథ్స్‌కి ముగ్గురున్నారు. "వీడు అన్నం ఎందుకు తినట్లేదు?" అని అడగడమే పనిగా పెట్టుకున్న మనిషి మాత్రం ఒక్కరు కూడా లేరు. ఆ మనిషి గురించే ఈ ఎపిసోడ్.

ముందు పేర్ల కన్‌ఫ్యూజన్ తీర్చుకుందాం

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ తర్వాత సైకియాట్రీలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, పరీక్షలు చేస్తారు, థెరపీ ఇస్తారు. మన దేశంలో వాళ్ళకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. స్పెషల్ ఎడ్యుకేటర్ అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి వాళ్ళకి తగ్గట్టు పాఠం చెప్పే టీచర్.

స్కూల్ సైకాలజిస్ట్ ఈ అందరి మధ్యలో ఉంటారు. పిల్లాడు ఎలా నేర్చుకుంటున్నాడు, ఎక్కడ ఆగిపోతున్నాడు, ఇంట్లో ఏం జరుగుతోంది, క్లాస్‌లో ఏం జరుగుతోంది, ఇవన్నీ కలిపి చూసేది వాళ్ళు. మన దగ్గర ఈ పేరుతో విడిగా లైసెన్స్ లేదు. ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా "స్కూల్ కౌన్సెలర్" అనే ఉంటుంది. మీరు వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి.

ఈ పని ఎలా మొదలైందో కూడా చెప్తా, చిన్న కథే. 1896లో అమెరికాలో ఫిలడెల్ఫియా ఊర్లో ఒక స్కూల్ టీచర్, పద్నాలుగేళ్ళ అబ్బాయిని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లైట్నర్ విట్మర్ అనే సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళింది. తెలివైన పిల్లాడే, కానీ స్పెల్లింగ్ అస్సలు రాదు. విట్మర్ వాడిని మొద్దు అనలేదు. చూడగా చూడగా, చూపులో కూడా సమస్య ఉందని తేలింది. కళ్ళద్దాలు పెట్టించి, విడిగా కూర్చోబెట్టి చదువు చెప్పించారు. ఆ ఏడాదే అక్కడ సైకలాజికల్ క్లినిక్ మొదలైంది. చూడండి, ఇదంతా మొదలుపెట్టింది డాక్టర్ కాదు, "వీడికి ఎందుకు రావట్లేదు?" అని అడిగిన ఒక టీచర్.

అక్క దగ్గర ఒక కేసు ఎలా నడుస్తుంది

ఒక పిల్లాడు. నాలుగో క్లాస్ అనుకుందాం. ప్రతి సోమవారం పొద్దున వాంతి చేసుకుంటాడు. డాక్టర్‌కి చూపించారు, కడుపులో ఏమీ లేదు. క్లాస్ టీచర్ రాసి పంపిన చీటీలో ఒకటే మాట: "బద్ధకం, హోంవర్క్ చేయడు."

నేనైతే వెంటనే పిల్లాడిని పిలిచి "ఏంటి నాన్నా ప్రాబ్లం" అని అడిగేస్తా. అక్క నవ్వింది. "ఒరేయ్, తొమ్మిదేళ్ళ పిల్లాడికి తన ప్రాబ్లం ఏంటో తెలిస్తే నాతో పనేముంది?" అంది.

ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించమంది. నూటముప్పై ఏళ్ళ కిందట విట్మర్ చేసిన పనే, ఇప్పటికీ అదే మొదటి మెట్టు. తర్వాత నోటు పుస్తకాలు తెప్పించుకుంది. లెక్కలు నోటికి బాగానే చెప్తాడు, రాసిన చోట తప్పులు. ఇంగ్లీష్‌లో బీ, డీ తారుమారు. తెలుగులో ఒత్తులు ఎగిరిపోతున్నాయి, దీర్ఘాలు ఉండట్లేదు. రెండు రోజులు క్లాస్‌లో వెనక బెంచీ మీద కూర్చుని చూసింది. అప్పుడు తెలిసింది, సోమవారం మొదటి పీరియడ్ రీడింగ్. ఒక్కొక్కళ్ళూ లేచి పైకి చదవాలి. వీడు లేస్తే మిగతావాళ్ళు నవ్వుతారు. వాంతికి కారణం కడుపు కాదు, ఆ పీరియడ్.

ఇక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. చదవడం రాని ప్రతి పిల్లాడికీ లెర్నింగ్ డిసేబిలిటీ ఉన్నట్టు కాదు. ఊర్లో ఐదో క్లాస్ దాకా తెలుగు మీడియం చదివి సిటీకి వచ్చి ఇంగ్లీష్ మీడియంలో చేరిన పిల్ల ఇంగ్లీష్‌లో తడబడుతుంది. ఇంట్లో ఉర్దూ, స్కూల్లో ఇంగ్లీష్, సెకండ్ లాంగ్వేజ్ తెలుగు అయిన పిల్లాడు మూడింట్లోనూ తడబడొచ్చు. అది భాష అలవాటు లేకపోవడం. పిల్లకి బాగా వచ్చిన భాషలో చూడకుండా ముద్ర వేసేస్తే, ఆ ముద్ర జీవితాంతం మోయాలి.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళకి కూడా ఈ మాట పనికొస్తుంది. అక్కడ స్కూల్ వాళ్ళు మీ బాబుని ఇవాల్యుయేట్ చేస్తాం, కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టండి అంటే చాలామంది పేరెంట్స్ భయపడిపోతారు. అక్కడి ఐడీఈఏ అనే చట్టం ప్రకారం, వీలైనంత వరకు పిల్లల సొంత భాషలోనే పరీక్షలు పెట్టాలి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం అని చెప్పుకోవడం మీ హక్కు, మొహమాటపడకండి.

సరే, మన సోమవారం బాబు దగ్గరికి వద్దాం. అక్క వాళ్ళమ్మనాన్నలతో మాట్లాడి పరీక్షకి పంపింది. తను స్వయంగా సర్టిఫికెట్ ఇవ్వలేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, అలాంటి చోట్ల అర్హత ఉన్నవాళ్ళు చేయాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 రకాల్లో స్పెసిఫిక్ లెర్నింగ్ డిసేబిలిటీ కూడా ఒకటి. ఎనిమిదేళ్ళు నిండాకే దానికి సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉంటే సీబీఎస్ఈ బోర్డ్ ఎగ్జామ్‌లో మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట టైమ్ ఇస్తారు.

కానీ సర్టిఫికెట్ వచ్చేదాకా అక్క ఆగలేదు. ముందు టీచర్‌తో మాట్లాడి ఒకే ఒక్క మార్పు చేయించింది. ఆ బాబుని క్లాస్‌లో పైకి చదవమని అడగొద్దు, టీచర్ టేబుల్ దగ్గర ఒక్కడినే చదివించుకోండి అని. మూడు వారాల్లో సోమవారం వాంతులు ఆగిపోయాయి.

కష్టాలు: దాచకుండా చెప్తా

మొదటిది, ఆ గదికి ఉన్న పేరు. "కౌన్సెలర్ రూమ్‌కి పిలిచారంటే వీడికి ఏదో అయింది" అని పిల్లలే అనుకుంటారు. కొన్ని చోట్ల టీచర్లు కూడా "అల్లరి చేస్తే కౌన్సెలర్ దగ్గరికి పంపిస్తా" అని బెదిరిస్తారు. ఇక పిల్లలు మనసు విప్పి ఏం మాట్లాడతారు? అక్క చేరిన మొదటి ఏడాది సగం పని ఆ భయం పోగొట్టడానికే అయిపోయిందట. గదిలో క్యారమ్ బోర్డు పెట్టింది. లంచ్ టైమ్‌లో ఎవరైనా రావొచ్చు, ఏమీ మాట్లాడక్కర్లేదు.

రెండోది, ఖాళీగా ఉన్నారనుకోవడం. ఒక టీచర్ లీవ్ పెడితే సబ్‌స్టిట్యూషన్ కౌన్సెలర్‌కి. ఎగ్జామ్ ఇన్విజిలేషన్ కౌన్సెలర్‌కి. అడ్మిషన్ల సీజన్‌లో పేరెంట్స్‌కి స్కూల్ తిప్పి చూపించడం కూడా. పిల్లాడితో మాట్లాడే టైమ్ మాత్రం మిగలదు. ఒక్కళ్ళే వేల మందిని చూడాల్సిన స్కూళ్ళున్నాయి. పోల్చుకోవడానికి ఒక లెక్క చెప్తా: అమెరికాలో స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం సిఫారసు చేసేది 500 మంది పిల్లలకి ఒకరు. అక్కడ కూడా చాలా చోట్ల అది అందట్లేదు.

మూడోది అన్నిటికంటే బరువైనది, రహస్యం. పిల్ల చెప్పింది ప్రిన్సిపాల్‌కి కావాలి, తల్లికి కావాలి, క్లాస్ టీచర్‌కి కావాలి. అందరికీ చెప్తే ఆ పిల్ల మళ్ళీ రాదు. అలాగని అన్నీ దాచకూడదు కూడా. పిల్ల ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే చెప్పి తీరాలి. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలపాలి, దాచడమే నేరం. అందుకే అక్క మొదటి రోజే ప్రతి పిల్లకీ చెప్తుంది: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. కానీ నీకు గానీ ఇంకొకళ్ళకి గానీ ప్రమాదం ఉంటే మాత్రం నేను ఒక్కదాన్నే ఉంచుకోలేను. ఎవరికి చెప్తున్నానో ముందు నీకే చెప్తా." ఈ మాట ముందే చెప్పకపోతే, తర్వాత పిల్ల దాన్ని మోసం అనుకుంటుంది.

నాలుగోది పేరెంట్స్. "మా వాడికేం లేదండీ, ఫోన్ లాగేసుకుంటే అంతా సెట్ అయిపోతుంది" అంటారు. తిట్టుకోకండి. వాళ్ళకి పరువు భయం, ఖర్చు భయం, పైగా తప్పంతా తమదే అంటారేమో అనే భయం. అక్క ఎప్పుడూ పిల్లాడు బాగా చేసే పనితోనే మాట మొదలుపెడుతుంది. సోమవారం బాబు వాళ్ళ నాన్నతో "మీవాడు లెక్కలు నోటితో భలే చేస్తాడండీ" అంటే, ఆయన మొట్టమొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడట.

ఐదోది జీతం. సూటిగా అడిగా. "చాలా స్కూళ్ళలో టీచర్ జీతమే అనుకో. నువ్వు సాఫ్ట్‌వేర్‌లో చూసిన హైకులు ఇక్కడ వెతక్కు" అంది. పెద్ద ఇంటర్నేషనల్ స్కూళ్ళలో నయం. ఇంటి బాధ్యత మీ మీదే ఉంటే ఈ లెక్క ముందే వేసుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఆరోది, విన్న మాటలు ఇంటికి వస్తాయి. కొన్ని రాత్రులు అక్కకి నిద్ర పట్టదు. అందుకే నెలకోసారి తన కంటే సీనియర్ సైకాలజిస్ట్ దగ్గర కూర్చుని, పేర్లు చెప్పకుండా కేసులు మాట్లాడుకుంటుంది. దాన్ని సూపర్‌విజన్ అంటారు. అది లేకుండా ఈ పని ఎక్కువ కాలం చేయలేం అంటుంది.

మరి ఏం మిగులుతుంది?

నేను సాఫ్ట్‌వేర్‌లో ప్రొడక్షన్ సపోర్ట్ చేశా. సర్వర్ పడిపోతే రాత్రి రెండింటికి లేచి సరిచేసినవాడికి మెయిల్‌లో మెచ్చుకోలు. ఏడాదంతా పడిపోకుండా చూసినవాడి పేరు ఎవరికీ తెలీదు. అక్క ఉద్యోగం ఈ రెండోవాడి లాంటిది. జరగకుండా ఆగిపోయిన దానికి ఫోటో ఉండదు, ర్యాంకుల ఫ్లెక్సీ ఉండదు.

"మరి నీకు చాలా బాగుంది అనిపించిన రోజు ఏది అక్కా?" అని అడిగా. చాలాసేపు ఆలోచించింది.

ఒక తొమ్మిదో క్లాస్ అబ్బాయి. మూడు నెలలు రోజూ లంచ్‌లో వచ్చి, క్యారమ్ ఆడి, ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. అక్క కూడా ఏమీ అడగలేదు. మెల్లగా తనే మాట్లాడాడు, ఇంట్లో గొడవలు. ఆ గొడవల్ని అక్క ఆపలేదు, ఆపలేదు కూడా. వాడికి కూర్చోవడానికి ఒక చోటు మాత్రం ఇచ్చింది. తర్వాతి ఏడాది ఒకరోజు వాడు ఇంకో పిల్లాడి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "మేడమ్, వీడు రెండు రోజుల నుంచి సరిగ్గా తినట్లేదు. మీతో మాట్లాడతాడు" అని వాడిని కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

"అదేరా నా ఇంక్రిమెంట్" అంది అక్క.

నాకు మాట రాలేదు. ఎందుకంటే పదహారేళ్ళప్పుడు నేను కూడా నా రూమ్మేట్ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాడినే. తీసుకెళ్ళడానికి అలాంటి గది లేదు, అంతే.

ఎలా వెళ్ళాలి? దారి ఇదీ

డిగ్రీలో సైకాలజీ ఉంటే మంచిది, తర్వాత పీజీ. మన దగ్గర ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీల్లో సైకాలజీ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. వేరే డిగ్రీ చేసినవాళ్ళకి పీజీలో చోటుందా లేదా అనేది ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఒక హెచ్చరిక. ఇన్నాళ్ళూ చాలామంది దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేసేవాళ్ళు. 2025 విద్యాసంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్తగా చేర్చుకోవద్దని యూజీసీ చెప్పింది. కాబట్టి "ఇంట్లో కూర్చుని ఆరు నెలల్లో సర్టిఫైడ్ సైకాలజిస్ట్" లాంటి యాడ్స్ కనిపిస్తే డబ్బు కట్టే ముందు పదిసార్లు ఆలోచించండి.

ఇప్పటికే టీచర్‌గా ఉన్నవాళ్ళకి ఎన్‌సీఈఆర్‌టీ ఏడాది డిప్లొమా ఉంది, గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్‌లో. పరీక్షలు చేయడం, డయాగ్నసిస్ ఇవ్వడం వైపు వెళ్ళాలంటే ఆర్‌సీఐ గుర్తించిన కోర్సే చేయాలి. చదువుతూనే ఏదైనా స్కూల్లో వాలంటీర్‌గా కొన్నాళ్ళు ఉండి చూడండి. పుస్తకంలో పిల్లలు వేరు, లంచ్ బెల్ కొట్టాక పిల్లలు వేరు.

ఉద్యోగాలు ఉంటాయా అంటే, సీబీఎస్ఈ నిబంధనల్లో కౌన్సెలర్ ఉండాలని ఉంది. ఇంకో పెద్ద మార్పు 2025 జులైలో వచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న ఒక అమ్మాయి చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో, కోచింగ్ సెంటర్లతో సహా, అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలి అని కూడా చెప్పింది. ఇది చదివినప్పుడు నాకు మా నోటీస్ బోర్డు గుర్తొచ్చింది.

రూల్ రావడం, అది మీ కాలేజీలో అమలవడం వేర్వేరు విషయాలు. కాగితం మీద ఒక పేరు రాసి వదిలేసే చోట్లు కూడా ఉంటాయి. ఇంటర్వ్యూకి వెళ్తే మీరే అడగండి: నాకు విడిగా గది ఉంటుందా? వారానికి ఎన్ని పీరియడ్లు సబ్‌స్టిట్యూషన్? పిల్లల ఫైళ్ళు ఎవరి దగ్గర ఉంటాయి? ఈ మూడింటికి వచ్చే జవాబుల్లో ఆ స్కూల్ ఎలాంటిదో తెలిసిపోతుంది.

ఆ చెల్లికి నా జవాబు

అమ్మా, సాఫ్ట్‌వేర్ ఎక్కడికీ పోదు. కానీ నిర్ణయించుకునే ముందు నిన్ను నువ్వు మూడు ప్రశ్నలు వేసుకో. విన్న మాటని నీ బెస్ట్ ఫ్రెండ్‌కి కూడా చెప్పకుండా ఉండగలవా? ఎవరూ మెచ్చుకోకపోయినా పదేళ్ళు చేయగలవా? "ఇది నా వల్ల కాదు, ఇంకొకరి దగ్గరికి పంపుతా" అని ఒప్పుకోగలవా? మూడింటికీ అవును అయితే, సంబంధాల గురించి అమ్మతో నేను మాట్లాడతాలే.

ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసే ముందు నా రూమ్మేట్‌కి ఫోన్ చేశా, నీ విషయం చెప్పొచ్చా అని. వాళ్ళ ఊర్లో మొబైల్ షాప్ నడుపుతున్నాడు, పెళ్ళయింది, ఒక పాప. "చెప్పుకోరా, పేరొద్దు" అన్నాడు. కాసేపాగి, "అప్పుడు అందరూ తిన్నావా, చదివావా అనే అడిగారు. ఏమైంది అని ఎవరూ అడగలేదు రా" అన్నాడు. నేను కూడా అడగలేదు. సారీ చెప్పా.

మీ పక్క బెంచీలో, మీ హాస్టల్ రూమ్‌లో అలా ఎవరైనా ఉంటే, మీరు సైకాలజిస్ట్ అయ్యేదాకా ఆగక్కర్లేదు. ఈరోజే అడగండి, ఏమైంది అని. విన్నాక ఒక్కళ్ళే మోయకండి, పెద్దవాళ్ళకి చెప్పండి. టెలిమానస్ నంబర్ 14416, రోజంతా ఉంటుంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లల కోసం 1098. రెండూ ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.